తాళాల గుత్తికి గుడ్డ చుట్టండి

ప్రశ్న: మా బాలల సంరక్షణ గృహంలో పన్నెండేళ్ల అబ్బాయి రాత్రిపూట తాళాల చప్పుడైతే చాలు, మంచం కింద దూరుతున్నాడు. సిబ్బందేమో 'నాటకాలు' అంటున్నారు. వాళ్లకు ఒకరోజు శిక్షణ సరిపోతుందా?
– ఒక సూపరింటెండెంట్

జవాబు: సరిపోదండీ. మొదట్లో నేనూ అలాంటివే నడిపాను. ఉదయం ఉపన్యాసం, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం సర్టిఫికెట్. ఆ రాత్రే కాపలా మనిషి మళ్లీ పిల్లల ముఖాన టార్చి వేశాడు!

ఇప్పుడు గుత్తితోనే మొదలుపెడతాను. ఇష్టపడినవారిని చీకటి గదిలో కళ్లు మూసుకోమని, తలుపు దగ్గర దాన్ని గలగలలాడిస్తాను. ముందే చెప్పినా ఉలిక్కిపడతారు. దెబ్బలు తిన్న పిల్లవాడి సంగతి అప్పుడు అర్థమవుతుంది. ఆలోచన వచ్చేలోపే వాడి ఒళ్లు దాక్కుంటుంది.

గుత్తికి గుడ్డ చుట్టించండి. టార్చి నేలకేసి పట్టుకోవాలి. వాణ్ణి మంచం కింద నుంచి లాగవద్దు. కాస్త దూరంలో కూర్చుని, 'నేను ఫలానా, ఇక్కడే ఉన్నాను' అంటే చాలు. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగకూడదు. వాడే చెబితే వినాలి కానీ, 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకూడదు. లైంగిక వేధింపు బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి.

శిక్షణలో వంటమనిషిని మరిచిపోకండి. పిల్లలు మనసు విప్పేది తరచూ ఆమె దగ్గరే. నెలకోసారి సిబ్బంది అందరూ గంటసేపు కూర్చుని మాట్లాడుకోండి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల కోసం పనిచేసే 'సంవాద్' ఇలాంటి గృహాల సిబ్బందికి శిక్షణ ఇస్తుంది, జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా అడిగి చూడండి. అబ్బాయిని మాత్రం ఈ వారమే మానసిక వైద్యుడికి చూపించండి.