సాంబయ్యని కాస్త చెడనివ్వు

బ్రాడీపేట, గుంటూరు

తమ్ముడూ,

నువ్వు రాసి పంపిన మిర్చి యార్డు కథ చదివాను. వాక్యం నీకు బాగానే వచ్చు, దాని జోలికి పోను. నా పేచీ అంతా అందులోని రైతు సాంబయ్యతోనే. వాన పడి కళ్ళంలో కాయ తడుస్తుంది, ధర పడిపోతుంది, అప్పులవాడు తిడతాడు, సాంబయ్య ఏడుస్తాడు. 12 పేజీల్లో ఆయన తనంతట తాను చేసిన పని ఒక్కటే, తొమ్మిదో పేజీలో టీ మానేసి ఆ పది రూపాయలు జేబులో వేసుకోవడం. మిగతావన్నీ ఆయన నెత్తిన పడ్డవే. అలాంటివాడి మీద జాలి కలుగుతుంది, కాదనను. కానీ రెండు పేజీలయ్యాక పాఠకుడు ఫోను తీసుకుంటాడు.

ఎర్ర పెన్నుతో, సాంబయ్య ఎంచుకుని చేసిన పనుల కింద గీతలు గియ్యి. ఇదీ చేయొచ్చు, అదీ చేయొచ్చు అన్నచోట ఒకటి చేస్తేనే లెక్క. పేజీకి ఒక్క గీతైనా పడకపోతే ఆ పేజీ తిరగరాయాల్సిందే. మొదటి గీత మొదటి పేజీలోనే కావాలి.

ఇక కోరిక. "అప్పుల్లోంచి బయటపడాలి" అని రాశావు. యార్డుకొచ్చే వాళ్ళలో ఎంతమందికి ఆ కోరిక లేదు? దానికో అంకె కావాలి, ఒక గడువు కావాలి. 20 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చాడనుకో, టిక్కీకి 40 కిలోల చొప్పున 8 క్వింటాళ్ళు. విజయవాడలో కూతురి హాస్టలు ఫీజు 90 వేలు, సోమవారంలోగా కట్టాలి. క్వింటా 12 వేలు పలికితే 96 వేలు, గట్టెక్కుతాడు. 11 వేలకు దిగితే 88 వేలే. కమీషనూ హమాలీ పక్కనబెట్టినా 2 వేలు తక్కువ. ఇక ధర పడిందని నువ్వు విచారించక్కర్లేదు, పాఠకుడే వేళ్ళు మడిచి లెక్కేసుకుంటాడు.

ఆ 2 వేల కోసం ఆయన ఏం చేస్తాడన్నదే కథ. ధర దిగిందని ముందురోజు సాయంత్రమే ఫోనులో తెలిసింది. కళ్ళంలో ఏరి పక్కన పోసిన తాలు కాయలు, అంటే రంగు పోయిన నాసి కాయలు, ఉన్నాయి. వాటిలోంచి 20 కిలోలు తీసి, నాలుగు టిక్కీల్లో తలా 5 కిలోలు మధ్యన కలిపి కుట్టేస్తాడు. 11 వేల లెక్కన 2,200 వస్తుంది. ఇది పాఠకుడికి ముందే తెలియాలి. చివర్లో బయటపెట్టి అదరగొడదామనుకోకు, అక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. పొద్దున యార్డులో కమీషన్ ఏజెంటు టిక్కీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పిడికెడు కాయ లాగుతాడు. ఒకటి చెవి దగ్గర ఆడించి గింజ గలగలమంటోందా లేదా వింటాడు, తుంచి చూస్తాడు, పక్క టిక్కీకి జరుగుతాడు. ఆ చెయ్యి ఒక్కోటీ దాటి వస్తుంటే పాఠకుడు 'దొరక్కూడదురా దేవుడా' అనుకుంటాడు. తప్పు చేసినవాడి తరఫున! మంచివాణ్ణి పెట్టుకుని 12 పేజీల్లో నువ్వు రాబట్టలేకపోయింది ఇదే.

ఇంకా బిగించాలంటే, సరిగ్గా ఆ నాలుగింటి దగ్గరికొచ్చి ఏజెంటు చెయ్యి దులుపుకుని "నీ కాయ చూసేదేముందిలే సాంబయ్యా" అనాలి. దొరికిపోతే అక్కడితో కథ అయిపోతుంది. నమ్మితే ఆ మాటకి సాంబయ్య ఏం చేస్తాడో నువ్వే తేల్చుకో.

అలా నమ్మే ఏజెంటు కావాలంటే అతణ్ణి జలగలా రాయడం మానాలి. విత్తనానికీ మందులకీ పెట్టుబడి పెట్టింది అతనేగా. ఆ డబ్బు అతనూ ఎక్కడో వడ్డీకి తెచ్చి ఉండొచ్చు. అతని వాదన అతని చేతే గట్టిగా చెప్పించు. అప్పులవాణ్ణి వేరే పెట్టావు, ఇద్దర్నీ ఒక్కణ్ణి చెయ్యి.

'మనిషన్నాక ఏదో లోపం ఉండాలి కదా' అని సాంబయ్యకి చుట్ట అంటించినట్టున్నావు. దానివల్ల కథలో పూచికపుల్ల కదల్లేదు, తీసెయ్యి. దానికి బదులు పనితనం పెంచు. కాయ చూడగానే అది తేజా రకమో 334 రకమో చెప్పగలవాడని ముందే తెలిస్తే, అలాంటివాడు తన చేత్తో తాలు కలుపుతుంటే చదివేవాడికి గుచ్చుకుంటుంది.

యాస తగ్గించు. ప్రతి మాటా "వత్తన్నా, పోతన్నా" అంటుంటే కళ్ళకు అడ్డం పడుతోంది. సంభాషణల్లో పేర్లు చేత్తో మూసి చదువు, ఎవరు మాట్లాడుతున్నారో తెలిస్తే చాలు.

కూతురు ఫోనులో గొంతుగానే మిగిలిపోయింది. ఓపికుంటే కన్యాశుల్కం 1897 కూర్పునీ 1909 కూర్పునీ పక్కపక్కన పెట్టుకుని మధురవాణి ఉన్నచోట్లే చదువు. మొదటిదాంట్లో చిన్న పాత్ర, రెండోదానికి వచ్చేసరికి కథని నడిపేవాళ్ళలో ఒకతె. నీ కథలో ఆ పిల్లకి అసలు ఆ హాస్టల్లో ఉండటం ఇష్టమేనా? ఇష్టం లేకపోతే, ఆ సంగతి తండ్రికి ఎప్పుడు చెబుతుంది, కాయ తూకం కాకముందా, అయ్యాకా?

ఇంకొకటి. సాంబయ్య, సుబ్బయ్య, శేషయ్య అని ముగ్గుర్ని పెట్టావు. ఎవరెవరో తెలుసుకోవడానికి రెండుసార్లు వెనక్కి తిప్పాల్సొచ్చింది. ఇద్దరి పేర్లు మార్చి పంపు.

ఉంటాను.