బొగ్గుల గ్రిల్ మీద సెగ అదుపులో ఉండాలంటే ముందు గాలిని చూడండి

మూత ఉన్న బొగ్గుల గ్రిల్ కొన్నానని, చికెన్ లెగ్ పీసులు పైన మాడిపోయి ఎముక దగ్గర పచ్చిగా ఉంటున్నాయని, అరగంటకే నిప్పులు చల్లారుతున్నాయని, అయినా సంచీడు బొగ్గులు ఒక్క సాయంత్రానికే అయిపోతున్నాయని రాశారు. హైదరాబాద్‌లో మా మేడ మీద చాలా ఏళ్లుగా ఇలాంటి గ్రిల్ మీదే వండుతున్నాను. మీరు చెప్పిన ఇబ్బందులన్నీ నిప్పులు పరిచే తీరులోనూ గాలి అందే తీరులోనూ ఉన్నాయి.

నిప్పులను అడుగంతా పరిచేస్తే మాడుతున్న ముక్కను జరపడానికి చోటే ఉండదు. అన్నిటినీ ఒక పక్కకు నెట్టి, రెండో పక్క పూర్తిగా ఖాళీగా ఉంచండి. లెగ్ పీసులను మొదట ఖాళీ వైపు పెట్టి మూత వేయండి. మూతకున్న రంధ్రాలు ముక్కలకు సరిగ్గా పైన ఉండేలా తిప్పండి. అప్పుడు నిప్పుల మీద నుంచి లేచిన వేడిగాలి ముక్కలను చుట్టుకుని బయటికి పోతుంది. ముప్పావు గంట వరకు పట్టవచ్చు, తొందరపడకండి. ముక్క మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ సూది గుచ్చితే కనీసం 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. లెగ్ పీసులైతే 80 దాటినా నష్టం లేదు, ఇంకా మెత్తగా ఉడుకుతాయి. ఆ తర్వాత నిప్పుల వైపు జరిపి, పటకారుతో తిప్పుతూ రెండు మూడు నిమిషాల్లో రంగు తెప్పించండి. తేనె, సాస్ లాంటివి పూసేదీ అప్పుడే. పంచదార ఉన్నది ఏదైనా ముందే పూస్తే మాడిపోతుంది.

నానబెట్టిన ముక్కలను కాస్త విదిలించి పెట్టండి. నూనె కారి నిప్పుల మీద పడితే భగ్గున మంట లేస్తుంది. దాని మీద నీళ్లు చల్లితే బూడిద ఎగిరి ముక్కలకు అంటుకుంటుంది. ముక్కను ఖాళీ వైపు జరిపి మూత వేస్తే మంట దానంతటదే అణుగుతుంది. రొయ్యలు, పలుచని చేప ముక్కలు, పనీర్‌కు ఈ ఏర్పాటేమీ అక్కర్లేదు, నేరుగా నిప్పుల మీదే కాల్చుకోవచ్చు.

సెగ తగ్గగానే బొగ్గులు పోయకండి. ముందు వంగి, గ్రిల్ అడుగున గాలి వచ్చే రంధ్రం చూడండి. చాలాసార్లు రాలిన బూడిద దాన్ని పూడ్చేసి ఉంటుంది. బండి మీద మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడను ఎప్పుడైనా గమనించారా? పొత్తు పెట్టగానే విసనకర్రతో జోరుగా విసురుతుంది, గింజలు చిటపటమనగానే చేయి ఆపేస్తుంది. బొగ్గు అంతే ఉంటుంది, సెగ మాత్రం ఆవిడ చెప్పినట్టు వింటుంది. మీ గ్రిల్‌కు ఆ విసనకర్ర కింది రంధ్రమే. మూతకున్నవాటిని తెరిచే ఉంచి, కిందిదాన్ని మూసే రేకును కొద్దికొద్దిగా జరపండి. జరిపిన ప్రతిసారీ ఐదు పది నిమిషాలు ఆగితేనే తేడా తెలుస్తుంది. మాటిమాటికీ మూత ఎత్తితే లోపలి వేడి పోవడమే కాదు, ఒక్కసారిగా గాలి తగిలి బొగ్గు త్వరగా కరిగిపోతుంది. మీ సంచీ ఖాళీ కావడానికి ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

వెలిగించడానికి కిరోసిన్ వద్దు, ఆ వాసన ముక్కలకు పడుతుంది. చిమ్నీ స్టార్టర్ పేరుతో దొరికే పిడి ఉన్న రేకు గొట్టం కొనుక్కోండి. కింద కాగితం, పైన బొగ్గులు వేసి అంటిస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో పై బొగ్గులకు కూడా నివురు పడుతుంది. నివురు పట్టాకే నిప్పులు గ్రిల్‌లో పోయండి. మధ్యలో కొత్తవి కావాలన్నా ఇందులోనే రాజేసి కలపండి.

ఇస్త్రీ బండ్లవాళ్లు వాడేలాంటి కట్టె బొగ్గులు తొందరగా అంటుకుంటాయి, సెగ ఎక్కువ, బూడిద తక్కువ. కానీ పొడి, చిన్న ముక్కలు జల్లించి తీసేయాలి, లేకపోతే గాలి ఆడదు. పొడిని అచ్చుపోసిన బ్రికెట్లు నిదానంగా, ఒకే తీరున కాలతాయి, బూడిద మాత్రం బాగా వస్తుంది. మటన్ తొడ లాంటివి గంటకు మించి ఉడకాలంటే నేను బ్రికెట్లే వాడతాను. రాజేయని వాటిని కుప్పగా పోసి, ఒక అంచున కొన్ని నిప్పులు పెడితే ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటూ పోతాయి. వానాకాలంలో ఏ బొగ్గైనా చెమ్మ పీల్చి చిటపటలాడుతుంది, మూత ఉన్న డబ్బాలో దాచుకోండి.

వంట అయ్యాక పైనా కిందా రంధ్రాలు మూసేయండి. గాలి అందక నిప్పులు ఆరిపోతాయి, మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది. చల్లారినట్టు కనిపించినా గ్రిల్‌ను ఇంట్లోకి మాత్రం తేకండి. లోపల రాజుకుంటున్న బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. రాత్రంతా మేడ మీదే వదిలేసి, మర్నాడు పూర్తిగా చల్లబడ్డాక బూడిద తీసి, బొగ్గులు ఏరుకోండి.