గీజరు ఎప్పుడు కట్టేయాలి?

విశాఖపట్నం

చి. సౌ. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మధురవాడ ఫ్లాటులో గీజరు రోజంతా వేసి ఉంచాలా, వాడాక కట్టేయాలా అని అడిగావు. మీ అత్తగారు కట్టేయమంటున్నారు. పక్కింటివాళ్లేమో చల్లారిన నీళ్లు మళ్లీ కాచడానికే ఎక్కువ కరెంటు అవుతుందంటున్నారు. మీ అత్తగారి మాటే నిజం. అయితే ఏ వేళకి కట్టేస్తున్నావన్నదాని మీదే ఎంత మిగులుతుందో ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

లోపలి నీళ్ల వేడికీ బయటి గాలికీ ఎంత తేడా ఉంటే గీజరు నుంచి అంత వేగంగా వేడి పోతుంది. వేసి ఉంచితే ఆ తేడా తగ్గదు కాబట్టి నష్టమూ తగ్గదు. కట్టేస్తే నీళ్లు చల్లారేకొద్దీ నష్టం కూడా నెమ్మదిస్తుంది. మళ్లీ కాచేటప్పుడు పోయిన వేడిని మాత్రమే తిరిగి ఇస్తాం, అంతకు మించి ఏమీ పట్టదు.

ఇప్పుడు లెక్క చూడు. గీజరు మీద నక్షత్రాల స్టిక్కరు ఉంటుంది. అందులో స్టాండింగ్ లాస్ అని ఒక అంకె ఉంటుంది. లోపలికీ బయటికీ 45 డిగ్రీల తేడా ఉంటే 24 గంటల్లో ఎన్ని యూనిట్ల వేడి పోతుందో అది చెబుతుంది. మీ 25 లీటర్ల గీజరుకి అది 0.7 అనుకుందాం. మన ఊళ్లో గది 28 డిగ్రీలు, నీళ్లు 60 డిగ్రీలు ఉంటే తేడా 32. అంటే రోజుకి సుమారు అర యూనిట్, నెలకి 15 యూనిట్లు. మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో 2022-23 టారిఫ్ ప్రకారం 225 యూనిట్లు దాటితే 400 దాకా ఒక్కోదానికి 8.75 రూపాయలు. ఏసీ నడిచే ఇల్లు ఆ శ్లాబులోకి తేలిగ్గా వెళ్తుంది. ఆ లెక్కన నెలకి 130 రూపాయలు, వాడని వేడికి.

ఇక అసలు కిటుకు. రాత్రి ట్యాంకు నిండా కాచి కట్టేసి, పొద్దున మళ్లీ వేస్తే దాదాపు ఏమీ మిగలదు. మంచి గీజరులో 25 లీటర్లు 8 గంటల్లో 5, 6 డిగ్రీలే చల్లారుతాయి. వేసి ఉంచినా దాదాపు అంత వేడే పోయేది. స్నానాలన్నీ అయ్యాక కట్టేయడమూ ఇలాంటిదే. వేడినీళ్లు పైనుంచి వెళ్తుంటే అడుగు నుంచి చన్నీళ్లు ఎక్కుతాయి, వేడిని బట్టి కరెంటు తనంతట తానే వేసి ఆపే థర్మోస్టాట్ వాటిని వెంటనే కాచేస్తుంది. ఎవరికీ అక్కర్లేని వేడి ట్యాంకులో కూర్చుంటుంది. అందుకే స్నానానికి వెళ్లేముందే కట్టేయాలి. కాచిన నీళ్లు వాడేసుకుని, ట్యాంకులో చన్నీళ్లు మిగిలేలా చూడు. చన్నీళ్లకి పోయే వేడే ఉండదు.

మీ నలుగురికీ ఇలా సరిపోతుంది. చలికాలంలో మన పైట్యాంకు నీళ్లు 24 డిగ్రీలనుకో. 18 లీటర్ల బకెట్టు 40 డిగ్రీలకి రావాలంటే 60 డిగ్రీల నీళ్లు 8 లీటర్లు చాలు, మిగతా 10 చన్నీళ్లు. 25 లీటర్లు కాగడానికి 2 కిలోవాట్ల ఎలిమెంటుకి (నీళ్లు కాచే కడ్డీకి) అరగంట పైన కొంచెం పడుతుంది. ఆ తర్వాత కట్టేసి ఇద్దరు చేయండి. మళ్లీ 20 నిమిషాలు వేసి, కట్టేసి, మిగతా ఇద్దరు చేయండి. మనిషి లోపల ఉన్నప్పుడు కరెంటు లేకపోవడం ప్రాణానికీ మంచిదే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మేడ మీద ట్యాంకు నీళ్లే వెచ్చగా వస్తాయి, అసలు గీజరు జోలికే పోనక్కర్లేదు.

మీ గీజరు ఎంత వేడి పోగొడుతుందో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. రాత్రి 9 గంటలకి కాగుతున్నట్టు చూపే లైటు ఆరేదాకా వేసి కట్టేయి. ఎవరూ వేడి కుళాయి తిప్పకూడదు. పొద్దున 5కి వేసి, లైటు ఆరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకో. నిమిషాలని 30తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. థర్మోస్టాట్ ఒక్కోరోజు ఒక్కోలా ఆగుతుంది కాబట్టి మూడు రోజుల సగటు తీయి. 5 నిమిషాలైతే గీజరు బాగున్నట్టే. 10 దాటితే ముందు వేడి కుళాయి కారుతోందేమో చూడు. గంటకి ఒక లీటరు కారినా, వేసి ఉంచిన గీజరు రోజుకి ఒక యూనిట్ తినేస్తుంది.

మాటిమాటికీ వేసి కట్టేస్తే ఎలిమెంటు పోతుందని భయపడకు. వేసి ఉంచినప్పుడు థర్మోస్టాట్ చేసేది కూడా అదే పని. పాడయ్యేది స్విచ్చి. 2 కిలోవాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు, కాబట్టి 6 ఆంపియర్ల స్విచ్చికి ఎప్పుడూ తగిలించొద్దు. స్నానాల గది బయట 20 ఆంపియర్ల డీపీ స్విచ్చి (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచేది), 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గని రాగి తీగ, మంచి ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. సముద్రపు గాలికి టెర్మినళ్లు చిలుం పడతాయి, వదులైన చోట వేడెక్కి నల్లబడతాయి. ఏడాదికోసారి మెయిన్ తీసేసి ఎలక్ట్రీషియన్ చేత బిగించాలి. బోరు నీళ్లయితే అదే రోజు మెగ్నీషియం కడ్డీ కూడా చూడమను. అది అరిగిపోతే ట్యాంకే తుప్పు పడుతుంది. ఎలిమెంటు మీద సున్నం పేరుకుంటే వేడి బయటికి పోలేక అది కాలిపోతుంది.

కరెంటు ఆదా అని థర్మోస్టాట్ని 40కి దించొద్దు. గోరువెచ్చగా రోజుల తరబడి నిలిచిన నీళ్లలో లెజియోనెల్లా లాంటి క్రిములు పెరుగుతాయి. 60 దాకా కాచు, వాడు, కట్టేయి. ఊరికి వెళ్లొచ్చాక ముందు 60కి కాగనిచ్చి, తర్వాతే కుళాయి తిప్పు. కాగేటప్పుడు గీజరు సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు కారితే కంగారు పడి బిగించేయకు. పెరిగిన ఒత్తిడి పోయే దారి అదే. అదే పనిగా ధారగా కారితే మాత్రం మెకానిక్‌ని పిలు.

ఆ మూడు రోజుల నిమిషాలూ, స్టిక్కరు మీది అంకే నాకు రాసి పంపు. రెండూ చూస్తే మీ గీజరు సంగతి తేలిపోతుంది.

మీ మావయ్య