గైడు పుస్తకంలో ప్రకటనకు కట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: రాజోలు దగ్గర గోదావరి పాయ ఒడ్డున నాలుగు గదుల హోమ్‌స్టే నడుపుతున్నాను. 2023 జూన్‌లో ఒక ఏజెంటు వచ్చి, కోనసీమ టూరిజం, బిజినెస్ గైడు వేస్తున్నామన్నాడు. 10,000 కాపీలు అచ్చువేసి రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, రైల్వే స్టేషన్లలో ఉచితంగా పంచుతామన్నాడు. రెండు ఎడిషన్లలో ఫుల్ పేజీ ప్రకటనకు ఫారం మీద సంతకం పెట్టాను. మొదటి ఎడిషన్‌కు 75,000 రూపాయలు కట్టాను. అందులో 50,000 ఏజెంటు ఫోన్ నంబరుకే కొట్టాను. రెండోదానికి సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చాను. 2023 డిసెంబరులోపు, సంక్రాంతి సీజన్‌కు అందాల్సిన పుస్తకం 2024 ఏప్రిల్‌లో వచ్చింది. దాన్ని చూసి ఒక్క గెస్టూ రాలేదు. ఒక బస్టాండులో కొట్టు వెనుక కట్టలకు కట్టలు పడి ఉంటే ఫొటోలు తీశాను. మా ఆవిడ గాజులు కుదువపెట్టి తెచ్చిన డబ్బు అది. ఇంట్లో రోజూ గొడవే, నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు రెండో ఎడిషన్ ప్రూఫ్ వాట్సాప్‌లో పంపి, చెక్కు వేసుకుంటామంటున్నారు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? ఖాతా మూసేస్తే చెక్కు బాధ పోతుందా? సీజన్ నష్టం 5 లక్షలు రాబట్టగలనా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీ ఉత్తరంలో సగం గాజుల గురించి, ఇంటి గొడవ గురించి ఉంది. కోర్టు ఆ సగం చదవదు. గెస్టులు రాలేదన్నది కూడా దానికి అనవసరం. ప్రకటన ఇచ్చినవాడికి గిరాకీ పెరగకపోతే అది అతని వ్యాపార నిర్ణయం తప్పడమే. దండగ ఖర్చుకు చట్టంలో పరిహారం లేదు, ఇచ్చిన మాట తప్పితేనే ఉంది. కాబట్టి మీ కేసు ఒక్క ప్రశ్న మీద నిలుస్తుంది: ఎన్ని కాపీలు వేస్తామని రాసి ఇచ్చారు, నిజంగా ఎన్ని వేశారు?

మీరు పంపిన ఫారం ఫొటోలో 'ప్రింట్ ఆర్డర్' అన్న గడిలో పెన్నుతో 10,000 అని రాసి ఉంది, కింద ఏజెంటు సంతకం ఉంది. మీ చేతిలో ఉన్న గట్టి కాగితం అదొక్కటే. ఎయిర్‌పోర్టు, రైల్వే స్టేషన్ల మాట ఫారంలో ఎక్కడా లేదు. ఒప్పందాన్ని కాగితం మీద పెట్టుకున్నాక దానికి అదనంగా నోటిమాట జోడిస్తామంటే సాక్ష్య చట్టం సాధారణంగా ఒప్పుకోదు. భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 94, 95 సెక్షన్లు అదే చెబుతాయి. మోసం జరిగిందని రుజువు చేస్తే మినహాయింపు ఉంది గానీ, దానికి వేరే ఆధారం కావాలి. పంచిపెట్టడం గురించి వాదన పెట్టుకుంటే కేసు పలచబడుతుంది. కాపీల సంఖ్యనే పట్టుకోండి.

ఫారం ముందు వైపే ఫొటో తీసి పంపారు. ఇలాంటి ఫారాలకు షరతులన్నీ వెనుకనే ఉంటాయి. 'ప్రతుల సంఖ్య పరిస్థితులను బట్టి మారవచ్చు' అని ఒక్క వాక్యం అక్కడ అచ్చై ఉంటే మీ 10,000కి సగం బలం పోతుంది. చేత్తో రాసిన అంకె, అచ్చు షరతుకు విరుద్ధంగా ఉన్నప్పుడు చేత్తో రాసినదానికే ఎక్కువ విలువ ఇవ్వాలని వాదించవచ్చు, కానీ ఆ వాదన అవసరమా కాదా అన్నది వెనుక వైపు చూస్తేనే తెలుస్తుంది. 'వివాదాలు ఫలానా నగర కోర్టుల పరిధిలోనే' అన్న మాట కూడా అక్కడే ఉంటుంది. ఆ కోర్టుకు కూడా పరిధి ఉన్నప్పుడు అలాంటి షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. అప్పుడు మీరు రాజోలు కోర్టులో దావా వేస్తే తిప్పి పంపేస్తారు. 75,000 రూపాయల ఒప్పందం వెనుక పేజీ తిప్పకుండా సంతకం పెట్టడం, ఇన్నాళ్ళయినా తిప్పకపోవడం మీ తప్పే.

ఆలస్యం గురించి మీకు చాలా కోపం ఉంది. న్యాయమైన కోపమే, కానీ కేసుగా బలహీనం. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, గడువు దాటాక ఇచ్చినదాన్ని తీసుకునేటప్పుడే 'ఆలస్యానికి నష్టపరిహారం అడుగుతాను' అని నోటీసు ఇవ్వాలి. మీరు ఏప్రిల్‌లో పుస్తకాలు తీసుకుని, ఏజెంటుకు దండం బొమ్మ పెట్టారు. ఆ స్క్రీన్‌షాట్ మీరే నాకు పంపారు. కోర్టులో అవతలి వకీలు మొదట బయటపెట్టేది దాన్నే.

ఇక కట్టల ఫొటోలు. వాటి మీద మీకు చాలా నమ్మకం ఉన్నట్టుంది. ఒకసారి ఆలోచించండి. కట్టలకు కట్టలు పుస్తకాలు కనపడుతున్న ఫొటో, పుస్తకాలు అచ్చయ్యాయని చెబుతుంది. పంచలేదని మీరు చూపించాలనుకుంటున్నారు, కానీ పంచుతామన్న షరతే కాగితం మీద లేదు. వాటిని దావాకు జత చేయకండి. మీకు కావాల్సింది ప్రెస్సు బిల్లు. పుస్తకం చివరి పేజీలోనో, అట్ట లోపలో అచ్చువేసిన ప్రెస్సు పేరు ఉందేమో చూడండి. శివకాశిలోనో మరో రాష్ట్రంలోనో వేయించి తెప్పించి ఉంటే, ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద రవాణాలో సరుకు వెంట ఉండే పత్రం) కూడా ఉండవచ్చు. ప్రెస్సు బిల్లులో, డెలివరీ చలానాలో, ఈ-వే బిల్లులో కాపీల సంఖ్య దొరుకుతుంది. దావా వేశాక సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 16 కింద ప్రెస్సు యజమానికి ఆ కాగితాలు తెమ్మని సమన్లు పంపించవచ్చు. పబ్లిషర్‌కు కూడా హాజరుపరచమని నోటీసు ఇవ్వాలి. తన దగ్గర ఉన్న కాగితాన్ని దాచినవాడి గురించి, అది అతనికి వ్యతిరేకంగా ఉంది కాబట్టే దాచాడని కోర్టు భావించవచ్చు. చిన్న పబ్లిషర్లు చాలామంది ఈ మెట్టు దగ్గరే రాజీకి వస్తారు, ఎందుకంటే ప్రకటనలిచ్చిన అందరికీ అదే అంకె చెప్పి ఉంటారు. మీతోపాటు ఆ పుస్తకంలో ప్రకటన వేయించిన హోటళ్ళు, స్వీటు షాపులు, బోటు వాళ్ళ ఫారాలు చూడండి. అందరి ఫారాల్లో 10,000 అనే ఉంటే ఏజెంటు తొందరలో వేసిన అంకె అని చెప్పడానికి వీలుండదు.

ఏజెంటు నంబరుకు పంపిన 50,000కు రసీదు లేదు. మాకు ముట్టలేదని పబ్లిషర్ అనవచ్చు. ఫుల్ పేజీ ప్రకటన అచ్చయింది కాబట్టి డబ్బు ముట్టిందనే వాదిస్తాం. బ్యాంకు స్టేట్‌మెంట్ ఈ వారమే తీయించండి. పాత ఫోన్ పిల్లలకు ఇచ్చేశానన్నారు, వెంటనే తీసుకుని పక్కన పెట్టండి. ఫార్మాట్ చేయించకండి. వాట్సాప్ చాట్ కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు ఫోన్ ఉండటం మంచిది.

ఇప్పుడు గడువు. ఒప్పందం తప్పినందుకు నష్టపరిహారం దావాకు, లిమిటేషన్ చట్టం 55వ ఆర్టికల్ ప్రకారం, తప్పిన నాటి నుంచి మూడేళ్ళు. పుస్తకం 2024 ఏప్రిల్‌లో వచ్చింది కదా, అప్పటి నుంచే లెక్క అని మనం అనవచ్చు. 2023 డిసెంబరుతో గడువు దాటింది కాబట్టి అప్పటి నుంచే లెక్క అని వాళ్ళంటారు. ఆ గొడవకు తావివ్వకుండా 2026 డిసెంబరు చివరిలోపు దావా వేయాలి. ఆఖరి వారానికి పెట్టుకోవద్దు, ఆ రోజుల్లో సెలవులు ఉంటాయి. 'లాయర్ నోటీసు ఇచ్చాం కదా, గడువు ఆగుతుంది' అని ఎవరో చెప్పారని రాశారు. నోటీసు ఇస్తే గడువు ఒక్క రోజు కూడా ఆగదు. గడువు లోపల అవతలివాడు బాధ్యత ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితేనే, అక్కడి నుంచి కొత్తగా మొదలవుతుంది. వచ్చే ఎడిషన్‌లో సర్దుతామని ఏజెంటు ఫోన్‌లో చెప్పిన మాట అందుకు పనికిరాదు. దానిని నమ్మే మీరు రెండేళ్ళు పోగొట్టుకున్నారు.

వినియోగదారుల కమిషన్ గురించి కూడా అడుగుతారేమో. దానికి రెండేళ్ళే గడువు, ఎలా లెక్కేసినా మీకది దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, వ్యాపారం పెంచుకోవడానికి ప్రకటన ఇచ్చినవాడు వినియోగదారుడు కాదన్న అభ్యంతరం వెంటనే వస్తుంది. ఆ దారిలో నెలలు పోగొట్టుకుని సివిల్ గడువును కూడా వదులుకోవద్దు.

అన్నిటికంటే ప్రమాదం మీ రెండో ప్రశ్నలో ఉంది. ఖాతా మూసేయకండి. ఖాతా మూసినందుకు చెక్కు తిరిగొచ్చినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. ఖాళీ చెక్కు కదా, నేను అంకె వేయలేదు కదా అన్న ధైర్యం కూడా వద్దు. మీరు ఇష్టపూర్వకంగా సంతకం పెట్టి ఇచ్చిన చెక్కులో వాళ్ళు అంకె వేసుకున్నా, బాకీ ఉందన్న భావన మీ మీద పడుతుందని 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పారు. ఖాతా మూసిన రోజున మీరు బాధితుడి స్థానం నుంచి ముద్దాయి స్థానంలోకి మారిపోతారు. మీ 75,000 గురించి మాట్లాడేవాడే ఉండడు.

దారి ఇది. ముందు పబ్లిషర్ కంపెనీ పేరున రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. మొదటి ఎడిషన్‌లో కాపీల షరతు తప్పారు, రెండో ఎడిషన్‌కు నా ప్రకటన వేయవద్దు, ఇకపై ఒప్పందం రద్దు, నా ఖాళీ చెక్కు ఫలానా నంబరు తిరిగి పంపండి, ప్రెస్సు బిల్లు నకలు చూపించండి అని రాయండి. తిట్లు వద్దు. ఆ తర్వాత ఉత్తరం నకలు జతచేసి, కారణం రాసి బ్యాంకులో స్టాప్ పేమెంట్ (ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దన్న ఆదేశం) ఇవ్వండి. స్టాప్ పేమెంట్ కూడా దానంతట అదే రక్షణ కాదు, దానికీ 138 వర్తిస్తుంది. కానీ మెడ్చల్ కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది: ఖాతాలో సరిపడా డబ్బు ఉందని, బాకీయే లేనందువల్ల ఆపానని చూపించగలిగితే నేరం నిలవదు. అందుకే ఖాతాలో 75,000కు తగ్గకుండా ఉంచండి. చెక్కు వేసి, తిరిగొచ్చాక వాళ్ళు 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది మీ చేతికి వస్తే 15 రోజుల్లోపు లాయర్ చేత జవాబు ఇప్పించండి. నోటీసు తీసుకోకుండా తప్పించుకునే పని అసలు చేయకండి.

చీటింగ్ కేసు సంగతి. మీ వ్యవహారం 2023 నాటిది కాబట్టి పాత ఐపీసీ 420 వర్తిస్తుంది. మొదటి రోజు నుంచే మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. పుస్తకం ఆలస్యంగానైనా వచ్చింది, మీ ప్రకటన అందులో ఉంది. ఇది సివిల్ తగాదా అని స్టేషన్‌లో అంటే వాళ్ళది తప్పనలేం. ఒకటి మాత్రం చూడాలి. అట్ట మీద ప్రభుత్వ పర్యాటక శాఖ గుర్తు ఉందని రాశారు. ఆ గుర్తు వాడటానికి అనుమతి ఇచ్చారా, ఆ పుస్తకం ఎన్ని కాపీలు కొన్నారు, ఎంత చెల్లించారు అని 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అనుమతి లేదని రాతపూర్వకంగా వస్తే కథ మారుతుంది, అప్పుడు మోసం అన్న మాటకు కాగితం దొరుకుతుంది.

5 లక్షల సీజన్ నష్టం వదిలేయండి. రాని గెస్టులను లెక్కపెట్టి రుజువు చేయలేరు, అంత మొత్తానికి కోర్టు ఫీజు మాత్రం కట్టాలి. 10,000 బదులు 2,000 కాపీలే వేశారని తేలితే, తగ్గినదానికి తగ్గట్టు డబ్బు, వడ్డీ అడుగుదాం. దావాకు ముందు మీ కోర్టు దగ్గరున్న మండల న్యాయ సేవల కమిటీలో ప్రి-లిటిగేషన్ దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌కు ప్రయత్నించండి. ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం. అయితే దాని కోసం ఎదురుచూస్తూ డిసెంబరు గడువు దాటనీయకండి.

ఇలాంటి గైడులకు ఏటా డబ్బు కట్టే చిన్న వ్యాపారులు ఇది చదువుతుంటే ఒక మాట: కాపీలెన్ని, ఏ తేదీకి, ఎక్కడెక్కడ ఇస్తారు అన్నవి ఫారంలోనే రాయించండి. కిందటేడు ప్రెస్సు బిల్లు చూపించమనండి. సగం డబ్బు పుస్తకం చేతికొచ్చాకే ఇవ్వండి. వీటికి ఒప్పుకోని ఏజెంటును గుమ్మం నుంచే పంపించండి, ఆ డబ్బు ఇంట్లో ఉంటుంది.

ప్రూఫ్ పంపారన్నారు కదా, దానికి వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ కూడా పెట్టకండి. 'నాకు ఈ ప్రకటన వద్దు, ఉత్తరం చూడండి' అని ఒక్క వాక్యం ఈ రోజే పంపి, దాన్ని డిలీట్ చేయకుండా ఉంచండి.