అమ్మానాన్నలు టోక్యో వస్తున్నారా? మ్యాపు కాదు, మీ లైను నేర్పండి

"వచ్చే నెల అమ్మానాన్నలు మూడు నెలల వీసా మీద వస్తున్నారు. పగలంతా మేమిద్దరం ఆఫీసులో ఉంటాం. ఇక్కడి రైళ్లలో వాళ్లంతట వాళ్లు తిరగగలరా?" టోక్యోలో కాపురం పెట్టిన ప్రతి కొత్త జంటా ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. తిరగగలరు. జపనీస్ ఒక్క ముక్క రాకపోయినా తిరగగలరు. కానీ మొదటి రోజే మొత్తం రైల్వే మ్యాపు ముందు పెట్టి పాఠం చెప్పారంటే మాత్రం, మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లోనే కూర్చుంటామంటారు.

ఆ మ్యాపు చూసి బెదరని వాళ్లు లేరు. టోక్యో మెట్రోకి 9 లైన్లు, నగర ప్రభుత్వం నడిపే తోఎయ్ సబ్‌వేకి 4. అవి కాక జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లు. అవి కాక తోక్యు, ఒడక్యు, కెయ్‌సెయ్, తోబు లాంటి ప్రైవేటు కంపెనీలు. ఒక కంపెనీ రైలు దిగి ఇంకో కంపెనీ రైలెక్కితే చాలావరకు ఛార్జీ మళ్లీ మొదటి నుంచి పడుతుంది. పోనీ కంపెనీని బట్టి గుర్తు పెట్టుకుందామంటే, ఒక కంపెనీ బండి నేరుగా ఇంకో కంపెనీ పట్టాల మీదికి వెళ్లిపోతుంది. ఉదాహరణకు తోఎయ్ వాళ్ల అసకుస లైనులో ఎక్కి కదలకుండా కూర్చుంటే, బండిని బట్టి ఒకవైపు నరిత ఎయిర్‌పోర్టుకి, రెండోవైపు హనెద ఎయిర్‌పోర్టుకి చేరవచ్చు. ఇదంతా అమ్మానాన్నలకు చెప్పాల్సిన పని లేదు. మీ ఇంటి దగ్గర ఆగే లైను ఒక్కటి బాగా వస్తే చాలు.

ఆ ఒక్క లైనులో కూడా తెలియాల్సింది స్టేషన్ల వరస కాదు, బండి రకం. మనవాళ్లు చాలామంది ఉండే నిషి కసాయ్ సంగతే చూడండి. అది తోజై లైను మీద ఉంది. సిటీ నుంచి తిరిగి వచ్చేటప్పుడు అదే ప్లాట్‌ఫారం మీదికి లోకల్ వస్తుంది, ర్యాపిడ్ కూడా వస్తుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోకల్ అన్నిచోట్లా ఆగుతుంది. ర్యాపిడ్ మాత్రం తోయోచో దాటాక మధ్యలో మినమి సునమచి, నిషి కసాయ్, కసాయ్ మూడింటినీ వదిలేసి ఉరయసులో ఆగుతుంది. అంటే టోక్యో దాటి పక్కనున్న చిబా జిల్లాలోకి వెళ్లిపోయినట్టే. కళ్ల ముందే ఇంటి స్టేషన్ వెళ్లిపోతుంటే పెద్దవాళ్లకు ఎంత టెన్షన్ పడుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి మొదటి శని ఆదివారాల్లో మీరే వెంట వెళ్లి, ప్లాట్‌ఫారం మీది బోర్డులో "లోకల్" అని ఎక్కడ రాసి ఉంటుందో చూపించండి. పొరపాటున ర్యాపిడ్ ఎక్కినా మునిగిపోయేదేమీ లేదనీ చెప్పండి. ఉరయసులో దిగి, గేటు బయటికి రాకుండా అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లి, వెనక్కి లోకల్ ఎక్కితే రెండో స్టేషనే మనది.

పేర్లు బట్టీ పట్టించవద్దు. ప్రతి స్టేషనుకీ ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. తోజై లైను అక్షరం టీ, నిషి కసాయ్ టీ 16. సిటీ నుంచి ఇంటికి వస్తుంటే అంకె పెరగాలి, సిటీకి పోతుంటే తగ్గాలి. ఎక్కిన బండి సరైన దిక్కుకే పోతోందా లేదా అన్నది ఒక్క స్టేషను గడిచేసరికి తేలిపోతుంది. అసకుస, అకసక, అసకుసబషి లాంటి పేర్లు మన చెవికి ఒకేలా వినిపిస్తాయి కానీ అంకెలు కలవవు. పైగా అసకుస అనే పేరుతోనే, మెట్రో స్టేషనుకు కొంత దూరంలో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ వాళ్ల స్టేషను ఇంకొకటి ఉంది. అసకుసలోని పేరున్న బౌద్ధ గుడికి వెళ్లాలంటే గింజా లైనులో జీ 19 అని కాగితం మీద రాసివ్వండి. ఫోనులో ఛార్జింగ్ అయిపోవచ్చు, కాగితానికి ఆ బాధ లేదు.

ఇక కార్డు, అంటే ముందే డబ్బు నింపుకుని గేటు దగ్గర తాకించే ప్రీపెయిడ్ కార్డు. మనిషికొకటి తప్పనిసరి. ఒకే కార్డు నాన్నగారు చూపించి, వెనకే అమ్మగారికి అందిస్తే గేటు మూసుకుంటుంది. నరితలో దిగగానే టూరిస్టుల కోసమని వెల్‌కమ్ సుయికా కనిపిస్తుంది. దానికి డిపాజిట్ ఉండదు, నిజమే. కానీ 28 రోజులే పనిచేస్తుంది, మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వరు. మూడు నెలలుండే వాళ్లకు 500 యెన్‌ల డిపాజిట్ కట్టి మామూలు సుయికాయో పాస్మోయో తీసుకోవడమే మేలు. చిప్‌ల కొరతతో 2023లో వీటి అమ్మకం ఆపేశారు గానీ 2025 మార్చి నుంచి మళ్లీ దొరుకుతున్నాయి. వెళ్లిపోయే ముందు సుయికా వెనక్కి ఇస్తే డిపాజిట్ తిరిగి వస్తుంది. కార్డులో మిగిలిన డబ్బులోంచి మాత్రం 220 యెన్‌లు కోసుకుంటారు. అందుకే చివరి రోజుల్లో కన్వీనియెన్స్ స్టోర్లో ఏదో ఒకటి కొని బ్యాలెన్స్ సున్నా చేసేయండి. ఇంకో సంగతి, స్టేషన్ మిషన్లలో ఎక్కువ వాటిలో కార్డు నింపడానికి నోట్లే కావాలి, క్రెడిట్ కార్డు పనికిరాదు. పర్సులో ఎప్పుడూ కొన్ని వెయ్యి యెన్‌ల నోట్లు ఉంచండి. ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో సుయికా పడదు కాబట్టి ఆ ప్రయత్నంతో ఒక సాయంత్రం వృథా చేసుకోకండి.

మెట్రో, తోఎయ్ కలిపి 24, 48, 72 గంటల టికెట్ కూడా ఉంది, పాస్‌పోర్టు చూపిస్తే ఇస్తారు. అది జేఆర్‌లో చెల్లదు, అంటే సిటీ మధ్యలో చుట్టూ తిరిగే జేఆర్ యమనోతె లైనుకు పనికిరాదు. పెద్దవాళ్లు రోజుకు ఒక చోటికి వెళ్లి రావడమే ఎక్కువ. అలాంటప్పుడు ఆ టికెట్ డబ్బు గిట్టదు. మీ తమ్ముడో మరదలో నాలుగు రోజుల కోసం వచ్చి ఊరంతా చుట్టేయాలంటే అప్పుడు కొనండి. దేశమంతా తిరిగే జేఆర్ పాస్ 2023 అక్టోబరు నుంచి ఏడు రోజులకు 50,000 యెన్‌లయింది. టోక్యో లోపల తిరగడానికి దాని ఊసే ఎత్తక్కర్లేదు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది. ఫోను చూపించే వేగమైన దారి పెద్దవాళ్లకు మంచి దారి కాదు. పది నిమిషాలు ఎక్కువ పట్టినా మార్పులు తక్కువున్న దారినే ఎంచుకోండి. ఇక్కడ "రైలు మారడం" అని ఒక్క మాటలో చెప్పేస్తాం గానీ, అది ఎదుటి ప్లాట్‌ఫారానికి నాలుగడుగులూ కావచ్చు, మోకాళ్లు అరిగే నడకా కావచ్చు. టోక్యో స్టేషన్లో మిగతా రైళ్లు దిగి డిస్నీల్యాండ్ వైపు వెళ్లే కెయో లైను పట్టుకోవాలంటే స్టేషన్ లోపలే దాదాపు పావుగంట నడక. కసాయ్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఆ బాధ అక్కర్లేదు, అక్కణ్నుంచి డిస్నీకి నేరుగా బస్సు ఉంది. తోఎయ్ వాళ్ల ఓఎదో లైను స్టేషన్లు చాలా లోతు. రొప్పొంగిలో కింది ప్లాట్‌ఫారం నేలకు 42 మీటర్ల దిగువన ఉంటుంది. షింజుకు సంగతి సరేసరి, రోజుకు 30 లక్షల మందికి పైగా తొక్కే స్టేషను, బయటికి వచ్చే దారులే 200కి పైగా. అక్కడ ఒక తప్పు దారిలో బయటికి వచ్చారంటే సరైన చోటికి చేరడానికే ఇంకో ప్రయాణం చేసినట్టవుతుంది. మొదటి నెల షింజుకు వద్దు.

లిఫ్టు ఏ దారి దగ్గరుందో ముందే చూసి పెట్టుకోండి. పెద్ద స్టేషన్లలో కూడా రోడ్డు మీదికి వచ్చే లిఫ్టు కొన్ని దారుల దగ్గరే ఉంటుంది. దారి నంబర్ల పక్కన లిఫ్టు గుర్తు వేసి ఉంటుంది, దాన్నే నమ్ముకోమనండి.

పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదింటి వరకు ఇల్లు కదలవద్దు. కరోనాకు ముందు 2019లో తోజై లైనులో కిబా, మొంజెన్ నకచో మధ్య రద్దీ 199 శాతం, అంటే పట్టాల్సిన వాళ్లకు రెట్టింపు మంది. ఇప్పుడు కొంత తగ్గింది గానీ, మన పెద్దవాళ్లు తట్టుకునేంత కాదు. ఆ వేళల్లో ఆడవాళ్లకు ప్రత్యేకమైన పెట్టె ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు గుర్తు ఉన్నచోట నాన్నగారు నిలబడకూడదు. ఎవరో లేచి సీటిస్తారని ఆశ పెట్టుకోవద్దు, చాలామంది నిద్రలో ఉంటారు. వాట్సాప్‌లో వీడియో కాల్ వస్తే దిగాక మాట్లాడమని మాత్రం ఖచ్చితంగా చెప్పండి. ఎవరూ ఏమీ అనరు, పెట్టెలో ఉన్నవాళ్లందరికీ మాత్రం ఇబ్బంది.

మెట్లంటే భయపడే వాళ్లకు సిటీలో తోఎయ్ బస్సు హాయి. ముందు ద్వారం నుంచి ఎక్కి, కార్డు చూపించి, వెనక ద్వారం నుంచి దిగడమే. 23 వార్డుల లోపల ఎంత దూరమైనా ఒకే ఛార్జీ.

నరిత నుంచి వచ్చే రోజు మాత్రం చెరో రెండు పెట్టెలతో రైలు మార్పులు పెట్టుకోకండి. ఎయిర్‌పోర్టులోనే తక్క్యుబిన్ (సామాను ఇంటికి చేర్చే కొరియర్) కౌంటరులో పెట్టెలు ఇచ్చేస్తే సాధారణంగా మర్నాటికి ఇంటికే తెచ్చి ఇస్తారు. ఆ రాత్రికి కావలసిన బట్టలు, మందులు చేతి సంచిలో ఉంటే చాలు.

రైల్లో ఏదైనా మరిచిపోతే అదే రోజు స్టేషన్ సిబ్బందికి చెప్పండి. ఎక్కిన స్టేషను, దిగిన టైము, ఎన్నో పెట్టో చెప్పగలిగితే దొరికే అవకాశం ఎక్కువ. అక్కడ దొరకని వస్తువులు కొన్ని రోజులకు ఇయిదబషి దగ్గరున్న పోలీసుల లాస్ట్ అండ్ ఫౌండ్ కేంద్రానికి చేరతాయి. అది కూడా తోజై లైను మీదే, టీ 06.