జబ్బు పేరు తేలకముందే వైకల్య భృతికి దరఖాస్తు పెట్టొచ్చా?

పెద్ద జబ్బు చేసింది, పని చేయలేకపోతున్నారు, పరీక్షలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఇలాంటప్పుడు కూడా చాలా పథకాల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆగితేనే నష్టం, ఎందుకంటే చాలాచోట్ల చెల్లింపును దరఖాస్తు తేదీ నుంచే లెక్కగడతారు.

ఫారంలో జబ్బు పేరు అడిగే గడిని ఖాళీగా వదలొద్దు. ‘నిర్ధారణ కావాల్సి ఉంది’ అని రాసి, కింద లక్షణాలు, జరుగుతున్న పరీక్షలు, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ ఇవ్వండి. డాక్టరు కోడ్ వేయాల్సి వస్తే ఐసీడీ-10లో (జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కోడ్‌ల జాబితా) ఆర్00 నుంచి ఆర్99 వరకు ఉన్నవి పేరు తేలని లక్షణాల కోసమే. నీరసం, అలసటకు ఆర్53.

ఎక్కువ కేసులు దెబ్బతినేది డాక్టరు లెటర్ దగ్గర. ‘చికిత్సలో ఉన్నారు’ అన్న ఒక్క ముక్కతో పని జరగదు. పది నిమిషాలు నిలబడితే కూర్చోవాల్సిందే, ఒక అంతస్తు ఎక్కితే పావుగంట ఆయాసం, ఆర్నెల్లుగా ఇదే పరిస్థితి, ఇంకెన్నాళ్లు ఉండొచ్చు: లెటర్‌లో ఇవి కావాలి. ఇబ్బంది కనీసం ఇంతకాలం ఉండాలని షరతు పెట్టే పథకాల్లో ఆ చివరి వాక్యం లేకే తిప్పి పంపేస్తారు.

మీ వైపు నుంచి, రోజూ ఏం చేయగలిగారో ఏం చేయలేకపోయారో రాసిన రెండు మూడు వారాల డైరీ జతచేయండి. ఫారంలో ‘వంట చేసుకోగలరా?’ అని అడిగితే మొహమాటానికి అవునని టిక్ పెట్టేస్తారు చాలామంది. ఆ తర్వాత రెండు గంటలు మంచం దిగలేని సంగతి రాయరు. అదే రాయాలి.

తిరస్కరిస్తే వెంటనే కొత్త దరఖాస్తు పెట్టకండి, పాత తేదీ పోవచ్చు. తిరస్కరణ లెటర్‌లో ఉన్న గడువులోపు అప్పీలు వేసి, ఆలోగా వచ్చిన రిపోర్టులు జతచేయండి.