టెక్ సందేహాలు: ఆరు సైట్లూ నష్టమేనట!

ప్రశ్న: మాది రావులపాలెంలో సివిల్ కాంట్రాక్టు ఫర్మ్. సీసీ రోడ్లు, డ్రెయిన్లు, కాలువ పనులు కలిపి ఆరు సైట్లు నడుస్తున్నాయి. లెక్కలు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, స్టోరు ఎక్సెల్‌లో, కూలీల హాజరు వాట్సాప్‌లో ఉంటాయి. అన్నిటినీ కలిపి డేటా వేర్‌హౌస్ (లెక్కలన్నీ ఒకేచోట చేర్చే గిడ్డంగి) కట్టి, అంతా ఒకే తెరమీద చూపే డాష్‌బోర్డు ఇస్తామని ఒకరొచ్చారు, కట్టారు. ఇప్పుడు ఆరు సైట్లూ నష్టమే చూపిస్తోంది. నాన్నగారు నవ్వుతున్నారు. తప్పెక్కడ?

నాన్నగారు నవ్వడంలో తప్పు లేదు. ఇదే ఏడుపు తణుకు నుంచి, భీమవరం నుంచి కూడా వచ్చింది కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లోనే జబ్బు కనిపిస్తోంది. బ్యాంకులో పడిన డబ్బునే ఆదాయం కింద రాసుకున్నారు.

సర్కారు పని బిల్లులో కోతలు పోగా మిగిలిందే మనకి పడుతుంది. అయితే కోతలన్నీ ఒక జాతివి కావు. ఫర్మ్‌కి కోసే 2 శాతం ఆదాయపన్ను టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా కోసే పన్ను) రిటర్న్‌లో జమకి వస్తుంది. జీఎస్టీ టీడీఎస్ ఇంకో 2 శాతం జీఎస్టీ పోర్టల్‌లో మీ ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లోకి (పన్ను కట్టడానికి వాడుకునే ఖాతా) చేరుతుంది. పూచీగా ఆపి ఉంచే రిటెన్షన్ సొమ్ము డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పనిలో లోపాలొస్తే మనమే సరిచేయాల్సిన కాలం) తీరాక తిరిగొస్తుంది. ఈ నాలుగింట్లో నిజంగా చేజారిపోయేది కార్మికుల సంక్షేమానికి కోసే 1 శాతం లేబర్ సెస్సు ఒక్కటే. మీ డాష్‌బోర్డు కట్టినాయన వీటన్నిటినీ ‘డిడక్షన్స్’ అని ఒకే కాలమ్‌లో కుక్కేశాడు. ఇక నష్టం రాక ఏమొస్తుంది?

రెండో తప్పు తేదీలది. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక లైనింగ్ (గట్లకి కాంక్రీటు పొర వేసే) పని మొదలవుతుంది. ఖర్చంతా మేలోనే అయిపోతుంది. కొలతలు ఎం-బుక్‌లోకి (చేసిన పని కొలతలు రాసే సర్కారు పుస్తకం) ఎక్కేది జూన్‌లో. బిల్లు దసరాకి పాసై, డబ్బు సంక్రాంతికి పడితే అదృష్టమే. పని చేసిన తేదీ, ఎం-బుక్ తేదీ, బిల్లు పాసైన తేదీ, డబ్బు పడిన తేదీ, ఇలా నాలుగు కాలమ్‌లు ఉండాల్సిన చోట ‘నెల’ అని ఒకటే పెట్టారు. క్యాలెండర్ టేబుల్‌లో మాత్రం శని, ఆదివారాలకి శ్రద్ధగా గుర్తులు పెట్టారు. స్లాబు పోసేవాడికి ఆదివారమేమిటండీ? కాలువకి నీళ్లు ఆపిన రోజులు, వరద రోజులు గుర్తుపెట్టండి. డెల్టాలో పని నడిచేది వాటిని బట్టే.

ఇసుక సంగతి చూడండి. ఒక సైటు ట్రిప్పుల్లో రాసింది, ఒకటి యూనిట్లలో, ఇంకొకటి టన్నుల్లో. మూడింటినీ కూడేసి ‘మొత్తం ఇసుక’ అని గుండ్రటి చార్ట్ గీశారు! యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనపు మీటర్లు. ట్రిప్పుకి అలాంటి కొలతేమీ లేదు, ట్రాక్టరు తొట్టి ఎంతైతే అంత. ఒక్కో బండి తొట్టి టేపు పెట్టి కొలిచి, బండి నంబరు పక్కన రాసుకోండి.

వీటిని ఒక వారం కూర్చుని దిద్దుకోవచ్చు. నాకు నిద్ర పట్టనిది మీ మెయిల్ చివర్లో మామూలుగా రాసిన ముక్కతో: “ఎక్కడినుంచైనా చూసుకునేలా డేటాబేస్ ఓపెన్‌లో పెట్టించాం, పాస్‌వర్డ్ అందరికీ ఒకటే.” ఇన్నాళ్లూ మీ సమాచారం మూడు చోట్ల చెల్లాచెదురుగా ఉండేది. దొంగకి అదే కష్టం. ఇప్పుడు మీరే అంతా ఒక బీరువాలో సర్ది తాళంచెవి గుమ్మానికి తగిలించారు. అందులో కూలీల ఆధార్ నంబర్లున్నాయి, స్టీలు, సిమెంటు డీలర్ల బ్యాంకు ఖాతాలున్నాయి. ఎవడో లోపలికొచ్చి ఒక్క ఖాతా నంబరు మార్చాడనుకోండి. మీ అకౌంటెంటు డాష్‌బోర్డులో చూసే కదా డబ్బు పంపేది! డీలరు ఫోన్ చేసి తిట్టేదాకా మీకు తెలియదు.

కాబట్టి ఈ రోజే ఆ పోర్టు (నెట్ నుంచి డేటాబేస్‌లోకి వచ్చే దారి) మూయించండి. బయటినుంచి చూడాల్సినవాళ్లు వీపీఎన్‌లో (నెట్ మీద మీవాళ్లకి మాత్రమే ఉండే రహస్య దారి) రావాలి, ఎవరి లాగిన్ వాళ్లకి, చూడ్డానికి మాత్రమే. వేర్‌హౌస్‌లో డీలరు కోడ్ చాలు, ఖాతా నంబరు అక్కర్లేదు. ఆధార్‌లో చివరి 4 అంకెలు మించి దేనికి? 2023 డేటా రక్షణ చట్టంలో భద్రత సరిగా లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. మీకు అంత వేస్తారని కాదు, కానీ విషయం చిన్నది కాదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడి కోసం ఆఫీసు కంప్యూటర్‌లో రాత్రింబవళ్లు తెరిచి ఉంచే రిమోట్ యాప్ కూడా తీసేయండి.

బ్యాకప్ డిస్కు కంప్యూటర్‌కే గుచ్చి వదిలేయకండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా బంధువుల సైటు ఆఫీసులో కంప్యూటరు, దానికి తగిలించిన డిస్కు కలిసే మునిగాయి.

ప్రశ్న: పాలకొల్లు దగ్గర అపార్ట్‌మెంటు సైటు మాది. వేలిముద్ర హాజరు యంత్రాన్ని వేర్‌హౌస్‌కి ఎలా కలపాలి?

యంత్రానికి ఏపీఐ (వేరే సాఫ్ట్‌వేర్‌కి నేరుగా డేటా ఇచ్చే ఏర్పాటు) ఉంటే కలపొచ్చు, లేదంటే రోజూ ఫైలు దించుకోవాలి. అది సరే, ముందు ఆ యంత్రం దగ్గర ఒక పొద్దున్న నిలబడి చూశారా? ఏళ్ల తరబడి సిమెంటు కలిపిన చేతులకి గీతలు అరిగిపోతాయి, ముద్ర పడదు. నేను చూసిన ఒక సైటులో తాపీ పనివాళ్లు బొటనవేలు లుంగీకి తుడిచి, ఉమ్మి తడి చేసి, నాలుగుసార్లు నొక్కి, చివరికి మేస్త్రీ వైపు చూసేవారు. ఆయన అడ్మిన్ పాస్‌వర్డ్‌తో పదిమందికీ హాజరు వేసేసేవాడు. ఆ పాస్‌వర్డ్ యంత్రం కొన్నప్పటిదే, ఎవరూ మార్చలేదు. ఏసీ గదుల్లో కూర్చునే వేళ్ల కోసం చేసినదాన్ని తెచ్చి సైటు గేటుకి తగిలించి, తప్పు కూలివాడిదంటారు. అప్‌డేట్ అడిగితే కొత్త మోడల్ కొనమంటారు. ఇలా పడిన హాజరు డాష్‌బోర్డులో పైసలతో సహా లేబర్ ఖర్చై కూర్చుంటుంది.

అదే మేస్త్రీ జేబులో ఒక చిన్న నోట్‌బుక్ ఉండేది. ఎవరు పొద్దున్నే వచ్చారో, ఎవరు మధ్యాహ్నం నుంచి వచ్చారో పెన్సిల్‌తో గీతలు. ప్రస్తుతానికి సాయంత్రం ఆ పేజీ ఫోటో తీయించి, ఆ లెక్క ఎక్కించండి.